పెట్టె రాట్నం: నెల రోజులు వడికిన తర్వాత

పర్లాకిమిడి నుంచి పనిమీద బరంపురం వెళ్లినప్పుడు, అక్కడి ఒక ఖాదీ దుకాణంలో మడిచి సంచిలో పెట్టుకోగలిగే పెట్టె రాట్నాన్ని 1,800 రూపాయలకు కొన్నాను. గాంధీ యెరవాడ జైలులో ఉండగా మెరుగుపరచిన నమూనా కనుక దీనిని యెరవాడ చక్రమని కూడా అంటారు.

పెట్టె పొందికగా ఉంది, చక్రం తేలికగా తిరుగుతుంది. కదురు, అంటే తిరుగుతూ దారానికి పురి ఎక్కించే సన్నని ఊచ, మాత్రం కొద్దిగా వంకర; వేగం పెరిగితే కొన అదిరి దారం తెగుతోంది. మళ్లీ వెళ్లి చూపిస్తే, దుకాణంలోని పెద్దాయన కదురు మార్చలేదు గాని, నా ఎడమ చేతిని కాసేపు గమనించి, "లాగకండి మాస్టారూ, ఒగ్గండి, అదే వస్తాది" అన్నారు. ఏకును, అంటే వడకడానికి దువ్వి చుట్టిన పత్తిని, వేళ్ల మధ్య వదులుగా పట్టి చేతిని నెమ్మదిగా వెనక్కి తీసుకుంటే, పురి పైకి పాకి నూలు నిలిచింది. ఏకుల్లో గింజ పొట్టు ఎక్కువ. సన్నని ఖాదీకి పేరుపడ్డ పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు; అంత నాణ్యత నేను అడగడం లేదు.

నా అసలు అభ్యంతరం పెట్టెతో ఇచ్చిన కాగితం మీద. అందులో "శాంతికి చిహ్నం" అన్న మాట తప్ప మరేమీ లేదు. 1921లో విదేశీ వస్త్ర బహిష్కరణ సాగినప్పుడు రాట్నం పరాయి పాలనకు సహకరించబోమని చేతలతో చెప్పే పనిముట్టు. మిల్లు గుడ్డ మానినవాడికి కట్టుకోవడానికి మరో గుడ్డ కావాలి కదా. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో ఆందోళనకారులు పోలీసులను చంపినప్పుడు గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే నిలిపివేసి, జనాన్ని రాట్నం వంటి నిర్మాణ కార్యక్రమాల వైపు మళ్లించారు. ఆయన అధ్యక్షత వహించిన 1924 డిసెంబరు బెల్గాం కాంగ్రెస్ సభ్యత్వ చందాను డబ్బుగా కాక నెలకు 2,000 గజాల నూలుగా నిర్ణయించింది. స్వయంగా వడకనివారు ఇతరులు వడికినది ఇవ్వవచ్చు. అంటే రోజుకు సుమారు 67 గజాలు. అరగంట కూర్చుంటే నాకు 40 గజాలు దాటడం లేదు. మరుసటి ఏడాదే ఆ నిబంధనను ఎందుకు సడలించారో నా వేళ్లకు బాగా తెలుసు. ఈ లెక్క ఆ కాగితం మీద అచ్చువేసి ఉంటే, అహింస అంటే ఊరుకోవడమనుకునే మా వీధి కుర్రాళ్లకు దానినే చూపించేవాడిని.

ఏకులు అయిపోవచ్చాయి. మళ్లీ బరంపురం వెళ్లాలి. ఈసారి కదురును అద్దం మీద దొర్లించి చూశాకే డబ్బులిస్తాను.