లిబరేటింగ్ స్ట్రక్చర్స్: నిధులిచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే గదిలో ఉన్నప్పుడు

హెన్రీ లిప్మనోవిచ్, కీత్ మెక్‌కాండ్లెస్ కలిసి కూర్చిన 33 సమావేశ పద్ధతులివి. అన్నీ వెబ్‌సైట్‌లో ఉచితం. ఏ పద్ధతికి ఎన్ని నిమిషాలు, ఎందరు, కుర్చీలు ఎలా వేయాలి అన్నీ రాసి ఉంటాయి. ఫౌండేషన్లు, వాటి నిధులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు అనుభవాలు పంచుకునే సమావేశాలకు ఇవి ఎంతవరకు పనికొస్తాయన్నదే ఇక్కడి ప్రశ్న.

అలాంటి గదిలో అసలు చిక్కు వచ్చే ఏడాది గ్రాంటు. దాని మీద సంతకం పెట్టే మనిషి ఎదురుగా ఉంటే "మా కార్యక్రమం దెబ్బతింది" అని ఎవరు నోరు విప్పుతారు?

ఇక్కడ అన్నిటికన్నా బాగా పనిచేసేది ట్రోయికా కన్సల్టింగ్. బల్ల లేకుండా ముగ్గురేసి దగ్గరగా కూర్చోవాలి. ఒకరు తమ చిక్కు చెప్పడానికి 1-2 నిమిషాలు, మిగతా ఇద్దరి సందేహాలకు 1-2. తర్వాత చెప్పినవారు వీపు తిప్పి కూర్చుంటారు. ఆ ఇద్దరూ 4-5 నిమిషాలు తమలో తాము సలహాలు మాట్లాడుకుంటారు. చివరికి ఇటు తిరిగి, ఏది పనికొచ్చిందో చెప్పాలి. మనిషికి 10 నిమిషాలు, మొత్తం అరగంట. వీపు తిప్పడం మర్యాద కాదనుకుని చాలామంది ఆ అంకం ఎగ్గొడతారు. చెడేది సరిగ్గా అక్కడే. ముఖాముఖి ఉంటే ప్రతి సలహాకూ సంజాయిషీ మొదలవుతుంది, ఉన్న అయిదు నిమిషాలూ వాదనకే సరిపోతాయి. ఇంకొకటి: ఫండర్‌నూ (నిధులిచ్చే సంస్థ), వాళ్ల దగ్గర గ్రాంటు తీసుకునే సంస్థనూ ఒకే ముగ్గురిలో వేయకండి. జాబితా ముందురోజే తయారుచేసుకోవాలి, అక్కడికక్కడ లెక్కపెట్టి విడదీస్తే ఈ జాగ్రత్త కుదరదు.

ఆలోచనలు ఏరడానికి 25/10 క్రౌడ్‌సోర్సింగ్ మంచిది. పేరు రాయని కార్డు మీద ఒక ఆలోచన. కార్డులు చేతులు మారుతుంటాయి, గంట కొట్టగానే చేతిలో ఉన్నదానికి 1 నుంచి 5 మార్కులు. అయిదు రౌండ్లు, గరిష్ఠం 25. మార్కు కార్డు వెనక వేయాలి, అంతకుముందు ఇతరులు వేసిన అంకె చూడకుండా తమది వేయాలి. చూస్తే అందరూ అదే వేస్తారు. ఒకరి చేతిరాత ఒకరికి తెలిసిన చిన్న గుంపులో మాత్రం పేరు దాచి లాభం లేదు.

ట్రిజ్ అనే మరో పద్ధతిలో ప్రశ్న తలకిందులుగా ఉంటుంది: "సంస్థలకు పని చేసే తీరికే లేకుండా చేయాలంటే మనం ఏమేం చేయాలి?" జవాబుల్లో సగం ఇప్పటి రిపోర్టు ఫారాల్లోనే దొరుకుతాయి. నవ్వులు ఆగాక, ఏది మానేస్తారో ఫండర్ అక్కడే చెప్పకపోతే ఆ అరగంట దండగ.

"ఏం జరిగింది, అయితే ఏమిటి, ఇప్పుడేం చేద్దాం" అనే పద్ధతికి 45 నిమిషాలంటారు. నిజానికి మొదటి ప్రశ్నకే ఎక్కువ సమయం ఉంచాలి. అందరూ చూసినది ఒకటో కాదో తేలకముందే సలహాల్లోకి దూకడం ఈ రంగంలో పాత జబ్బు. మూడో ప్రశ్నకు జవాబుగా పని, పేరు, తేదీ రాయించాలి. ఈ సంకలనం సమావేశాన్ని నడుపుతుందే గానీ, తర్వాత ఆ తేదీలను గుర్తుచేసే మనిషిని ఇవ్వదు. ఆ జీతం బడ్జెట్‌లో విడిగా వేసుకోవాలి.