శవపరీక్షలో గుండెపోటు: కన్నా, టీటీసీ రంగా, స్లైడా?

నొప్పి మొదలయ్యాక మనిషి ఎంతసేపు బతికాడు? ఏ పరీక్ష పనికొస్తుందో ఈ ఒక్క జవాబు మీదే ఉంటుంది.

రోజులు గడిచిన కేసైతే కత్తి, కన్ను చాలు. 3 నుంచి 7 రోజుల మధ్య దెబ్బతిన్న కండ నడుమ పసుపుపచ్చగా మెత్తబడి, చుట్టూ ఎర్రటి అంచు కడుతుంది. రెండు నెలలకి అది తెల్లటి గట్టి మచ్చ. కానీ 12 గంటల్లోపు పోయినవాళ్ల గుండె కంటికి మామూలుగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

ఆ ఖాళీని చాలావరకు పూడ్చేది టీటీసీ, అంటే ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్ అనే లవణంతో చేసే రంగు పరీక్ష. గుండెని చెడకుండా నిలవుంచే ద్రవమైన ఫార్మలిన్‌లో వేయకముందే చేయాలి, వేస్తే ఎంజైములు పనిచేయవు. కొస నుంచి అడ్డంగా సుమారు సెంటీమీటరు మందం ముక్కలు కోసి, రక్తం కడిగి, 37 డిగ్రీల దగ్గర ఉంచిన 1 శాతం ద్రావణంలో 15 నుంచి 20 నిమిషాలు ముంచాలి. బాగున్న కండలోని డీహైడ్రోజినేజ్ ఎంజైములు రంగులేని ఆ లవణాన్ని ఇటుక రంగులోకి మారుస్తాయి. చచ్చిన కణాల పొర చిట్లి ఎంజైములు బయటికి కారిపోతాయి కాబట్టి ఆ మేర పాలిపోయి ఉంటుంది. రెండు మూడు గంటలు దాటిన పోటు దీనికి దొరకొచ్చు.

మోసం చేసే చోట్లు కూడా దీనికి ఉన్నాయి. ముక్క గిన్నె అడుగుకి అతుక్కుంటే అక్కడ రంగెక్కదు, అది అచ్చం పోటులాగే కనిపిస్తుంది, మధ్యలో తిప్పాల్సిందే. కుళ్లిన శవంలో గుండె మొత్తం పాలిపోతుంది, అప్పుడు ఈ పరీక్ష దండగ. పాత మచ్చకీ రంగెక్కదు గానీ అది తెల్లగా మెరుస్తుంది, కత్తికి గట్టిగా తగులుతుంది.

స్లైడు, అంటే మైక్రోస్కోపు కింద చూసే పల్చటి కండ పొర, ఆలస్యంగా మాట్లాడుతుంది, కానీ గట్టిగా మాట్లాడుతుంది. అలల్లా వంగిన పోగులు అరగంట నుంచే కనిపించొచ్చు, వాటిని మాత్రం నమ్ముకోకండి. కాంట్రాక్షన్ బ్యాండ్లూ (కండ పోగుల్లో అడ్డంగా కనిపించే చారలు) అంతే: సీపీఆర్ చేసినా, అడ్రినలిన్ ఇచ్చినా వస్తాయి. 4 గంటల తర్వాత కణాల చావు తెలుస్తుంది, 12 నుంచి 24 గంటలకి న్యూట్రోఫిల్స్ (వాపు చోటికి వచ్చే తెల్ల రక్తకణాలు) చేరడం మొదలవుతుంది. శవం చెడి వచ్చే మార్పు గుండె అంతటా పరుచుకుంటుంది, వాపు కణాలు రావు, తేడా అదే.

రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) అంకె చూసి మురిసిపోవద్దు. చావు తర్వాత కండ నుంచి అది ఎలాగూ కారుతుంది.

మా ఓటు రెంటికీ కలిపి: టీటీసీ రంగు సరిహద్దు చూపిస్తుంది, అక్కడే బ్లాక్ (స్లైడు కోసం చిన్న కండ ముక్క) తీసి ఫార్మలిన్‌కి పంపితే స్లైడు సాక్ష్యం ఇస్తుంది. ఒక్కటే కుదిరితే స్లైడే, బ్లాకులు మాత్రం ఎక్కువ తీయాలి.

వీటన్నిటికంటే ముందు గుండె కండకి రక్తం తెచ్చే కరోనరీ ధమనులు చూడాలి. 2, 3 మిల్లీమీటర్లకోసారి అడ్డంగా కోయాలి. కత్తెరతో నిలువునా చీలిస్తే లోపలి రక్తపు గడ్డ ముందుకి జరిగిపోతుంది. సున్నం పట్టిన ధమనిని ముందు యాసిడ్‌లో మెత్తబరచాలి, లేదంటే కత్తి నొక్కుడికి నలిగి లేని ఇరుకు ఉన్నట్టుంటుంది. అసలైన గడ్డ గోడకి పట్టుకుని పొడిగా, గరుకుగా ఉంటుంది. చావు తర్వాతిది మెరుస్తూ జారి వచ్చేస్తుంది.

నిమిషాల్లో పోయిన మనిషి విషయంలో కన్ను, రంగు, స్లైడు మూడూ మౌనమే. అప్పుడు మిగిలేవి 75 శాతం దాటిన ఇరుకు, తాజా గడ్డ, వేరే కారణం లేదని తేల్చే విష పరీక్షలు. అలాంటి కేసులో ‘గుండె కండ చచ్చింది’ అని రాయకూడదు, ‘కరోనరీ జబ్బు వల్ల హఠాన్మరణం’ అని రాయాలి.