మేక్ అప్, రెకన్‌సైల్: ఏది ఎక్కడ?

గొడవపడి మళ్లీ కలిసిపోవడానికి ఇంగ్లీషులో రోజూ వినిపించే మాట ‘మేక్ అప్’. పొద్దున మాటామాటా అనుకుని సాయంత్రానికి కలిసిపోయిన స్నేహితుల గురించి ‘దే మేడ్ అప్’ అంటే చాలు. దాదాపు అదే అర్థమున్న రెకన్‌సైల్ అక్కడ మరీ బరువైపోతుంది.

రెకన్‌సైల్ బాగా దెబ్బతిన్న బంధాలకు నప్పుతుంది. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు, విడిపోయి మళ్లీ ఒకటైన భార్యాభర్తలు. వర్ణవివక్ష ముగిశాక దక్షిణాఫ్రికా 1995 చట్టంతో పెట్టిన, ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షత వహించిన, ఆనాటి అకృత్యాలను విచారించిన కమిషన్ పేరులో ఉన్నదీ దీని నామవాచకమే, ‘రెకన్సిలియేషన్’.

అసలు తిప్పలు పక్కన చేరే చిన్న మాటలతోనే. ‘షీ రెకన్‌సైల్డ్ విత్ హర్ బ్రదర్’ అంటే అన్నతో మళ్లీ కలిసిపోయింది. ‘షీ రెకన్‌సైల్డ్ హర్‌సెల్ఫ్ టు ద లాస్’ అంటే, ఆ నష్టం ఇక మారదని మనసుకు సర్దిచెప్పుకుంది. ఇక్కడ గొడవా లేదు, ఎదుటి మనిషీ లేడు. బ్యాంకు లెక్కలకు పొంతన కుదర్చడానికీ ఇదే క్రియ. అందుకే దీన్ని ఒంటరిగా బట్టీ పట్టకండి, ‘విత్’తో ఒకటి, ‘టు’తో ఒకటి సొంత వాక్యాలు రాసుకోండి.

మేక్ అప్‌కి కథలల్లడం అనే అర్థమూ ఉంది, కానీ తర్వాత ‘విత్’ పెట్టి మనిషిని చెబితే తికమక ఉండదు.