120 పసుపు మెష్: రెండేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలో పెళ్లిపత్రికలు, విజిటింగ్ కార్డులు అచ్చువేసే నా రేకుల షెడ్డులో ఈ మెష్‌ను, అంటే స్క్రీన్ ప్రింటింగ్‌లో చట్రానికి బిగించి ఇంకు దించే సన్నరంధ్రాల బట్టను, రెండేళ్లుగా వాడుతున్నాను. సెంటీమీటరుకు 120 పోగులుండే బట్ట గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. నేను చెప్పదలచుకున్నది దాని పసుపు రంగు గురించే.

ఇన్నే పోగులున్న తెల్లబట్ట మీద, ఫిల్ములో (బొమ్మ నల్లగా ఉండే పారదర్శక షీటులో) వెంట్రుకంత ఉన్న గీత కడిగేసరికి సగం చోట్ల మూసుకుపోయేది. బట్టకు ఎమల్షన్ (వెలుతురు తగిలిన చోట గట్టిపడే పూత) పూసి, ఫిల్ము మీదుగా వెలుతురు పట్టి ఎక్స్‌పోజ్ చేసేటప్పుడు తెల్లపోగు వెలుతురును పక్కలకు చిమ్ముతుంది. అది గీత నలుపు కిందికి చేరి, నీళ్లకు పోవలసిన ఎమల్షన్‌ను గట్టిపరుస్తుంది. పసుపు పోగు ఆ నీలి, అతినీలలోహిత కాంతిని చాలావరకు మింగేస్తుంది. గీత అంచు కత్తితో కోసినట్టు వస్తుంది.

ఆ మింగడానికి మూల్యమేమిటో మొదటి శ్రావణంలోనే తెలిసింది. పత్రిక పైభాగాన కాకతీయ తోరణాన్ని సన్నగీతలతో వేయాలని ఒక పెళ్లివారు అడిగారు. తెల్లబట్టకు అలవాటైన నాలుగు నిమిషాల వెలుతురే ఇచ్చాను. నీళ్లు కొట్టగానే గీతకూ గీతకూ మధ్య నిలవవలసిన ఎమల్షన్ జిగురుజిగురుగా జారిపోయి, స్తంభాలు మాయమై, పైదూలం ఒక్కటే మిగిలింది. ఎమల్షన్ పాతదేమోనని దుకాణానికి వెళ్లి వాదించాను కూడా, తప్పు నాది. రెండో స్క్రీన్ కూడా పోయాక, ఫిల్ము మీద నల్లకాగితాన్ని నిమిషానికొక పట్టీ చొప్పున జరుపుతూ పరీక్షించాను. ఏడు నిమిషాల పట్టీలో గోటితో గీకినా ఎమల్షన్ రాలేదు, గీతలూ తెరుచుకున్నాయి. వానాకాలంలో కోటింగ్ లోపలి దాకా ఆరకపోతే ఆ ఏడు నిమిషాలూ వృథాయే.

గీతలు ఇంత పదునుగా రావడం మెష్ గొప్పదనమేనని మొన్నటిదాకా అందరికీ చెప్పుకొచ్చాను. నిజానికి దాదాపు అదే సమయంలో బొమ్మను బటర్ పేపర్ మీద తీయించడం మానేసి, చిక్కని నలుపుండే ఫిల్ము తీయించడం మొదలుపెట్టాను. ఫలితంలో దేని వాటా ఎంతో విడదీయలేను. పైగా పోగుకు సరిగ్గా సమాంతరంగా పడిన గీత రంపపు పళ్లలాగే వస్తుంది కాబట్టి, ఫిల్మును కొంచెం ఏటవాలుగా అతికించవలసిందే. మే నెలలో రేకుల కింద నలభై యాభై కార్డులకే ఇంకు రంధ్రాల్లో ఎండిపోతుంది. ఇంకు త్వరగా ఎండకుండా కలిపే రిటార్డర్ లేనిదే పని సాగదు.

అసలు చిక్కు బంగారు ఇంకుతో. మన పెళ్లివారు ముందుగా అడిగేది అదే. నేను వాడే బంగారు ఇంకులోని ముతక పొడి, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా లేని ఈ రంధ్రాల్లో దిగబడి, పది కార్డులు దాటకముందే మెష్‌ను మూసేసింది. అందుకే ఇప్పుడు తోరణాన్ని మెరూన్‌లో పసుపు మెష్ మీద, పేర్లను బంగారంలో పాత 77 పోగుల తెల్లబట్ట మీద వేస్తున్నాను. నా ఆర్డర్లలో నలుపు, మెరూన్ ఎక్కువ కాబట్టి, తెల్లదానికన్నా ఎక్కువ పెట్టి కొన్నా నాకు గిట్టుబాటైంది. బంగారం పనే ఎక్కువగా ఉన్నవారు, ఒక్కో కార్డు మీద రెండు మెష్‌లతో రెండుసార్లు స్క్వీజీ (ఇంకును నొక్కి లాగే రబ్బరు పట్టీ) లాగే ఓపిక, అంత కూలీ ఇచ్చే గిరాకీ ఉంటేనే కొనండి.