మధ్య అమెరికా పురాతన మాయా నాగరికతలో రాజు కూతురు: వేరే ఊరికి పంపాలా, సొంత గద్దె ఎక్కించాలా?

పంపితే: డోస్ పిలాస్ అనే మాయా నగరం రాజు క్రీ.శ. 682లో కూతురు వాక్ చానిల్ అహావ్‌ని నరంహో అనే మరో మాయా నగరానికి పంపాడు, అక్కడ రాజవంశం కుదేలై ఉంది. 688లో కొడుకు పుట్టాడు, 693లో అయిదేళ్ళకే గద్దెక్కాడు, పాలన నడిపింది మాత్రం తల్లే. అక్కడి 24వ నిలువు శిల్ప ఫలకం చూడండి, ఆవిడ కాళ్ళ కింద బందీని తొక్కి నిలబడి ఉంటుంది, పుట్టింటి పరువు అత్తింట్లో ఎలా పనిచేసిందో ఆ ఒక్క బొమ్మే చెప్తుంది!

ఉంచితే: పాలెంకే అనే మాయా నగరంలో యోల్ ఇక్నాల్ అనే రాణి 583 నుంచి 604 దాకా తనే ఏలింది.

ఖర్చు: పంపితే పిల్ల దూరం.
రిస్క్: ఉంచితే ఎక్కువ, ఎందుకంటే వారసత్వం మామూలుగా తండ్రి వైపు నుంచే కదా, పైగా 599లో శత్రు నగరం కలక్‌ముల్ పాలెంకే మీద చేసిన దాడి కూడా యోల్ ఇక్నాల్ టైంలోనే. 615లో 12 ఏళ్ళ పకాల్ పాలెంకే గద్దెక్కినప్పుడు హక్కు తల్లి వైపుదే, అందుకే తల్లి సక్ కుక్ కిరీటం అందిస్తున్నట్టు చెక్కించాడు, తన శవపేటిక మీద తల్లి వైపు పూర్వీకురాలు యోల్ ఇక్నాల్‌ని రెండుసార్లు పెట్టించుకున్నాడు.

కొడుకులుండి, పొరుగున పట్టు కావాలంటే పంపడమే మేలు. మగ వారసుడు లేకపోతే పాలెంకే దారే.