రెనో 16, ప్యూజో 504, సిట్రోయెన్ జీఎస్: ఇంటి బండిగా ఏది మేలు?

పాత ఫ్రెంచి కుటుంబ కారు ఒకటి కొని, సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని తిరగాలనుకునేవారు చివరికి మూడు పేర్ల దగ్గర ఆగుతారు. అవి 1965లో వచ్చిన రెనో 16, 1968లో వచ్చిన ప్యూజో 504, 1970లో వచ్చిన సిట్రోయెన్ జీఎస్. మూడూ తమతమ కాలంలో యూరోపియన్ కార్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంపికైనవే. ఆ గుర్తింపు రెనోకు 1966లో, ప్యూజోకు 1969లో, సిట్రోయెన్‌కు 1971లో దక్కింది. అయినా నేడు 504 అంటే గౌరవం, జీఎస్ అంటే ఆశ్చర్యం కనిపిస్తాయి గాని, రెనో 16ను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దాన్ని వాడుతున్నవారే. వెనుక పైకి తెరుచుకునే పెద్ద తలుపు, అవసరాన్ని బట్టి మడిచే సీటు, ముందు చక్రాలను తిప్పే ఇంజన్, ఈ మూడింటినీ తరువాతి కార్లన్నీ అందిపుచ్చుకోవడంతో, వాటిని ఇంత పెద్ద కుటుంబ కారులో తొలినాళ్లలోనే కూర్చిన బండి ఇప్పటి కంటికి ఏ ప్రత్యేకతా లేనిదిగా తోస్తోంది.

ముందుగా 504 సంగతి చూద్దాం. దాని రూపం ఇటలీలోని పినిన్‌ఫరీనా సంస్థ దిద్దినది. మొదట 1796 సీసీ, ఆ తరువాత 1971 సీసీ పెట్రోల్ ఇంజన్లతో, ఆపైన డీజిల్‌తోనూ వచ్చింది. సెడాన్‌లో వెనుక చక్రాలు రెండూ దేనికది విడిగా కదులుతాయి కాబట్టి గుంతల రోడ్డు మీద కూడా లోపలివారికి కుదుపు తక్కువగా తెలుస్తుంది. ఆఫ్రికాలో ఆ బండికి వచ్చిన పేరు ఊరికే వచ్చినది కాదు. ఫ్రాన్సులో తయారీ ఆగిన చాలా ఏళ్ల వరకు నైజీరియాలోని కడునాలో దాన్ని బిగిస్తూనే ఉన్నారు. యజమానులు దాన్ని ప్రేమించేది రైతు నమ్మిన ఎద్దును ప్రేమించినట్టు. విడిభాగాల బెంగ కూడా మిగతా రెండింటికన్నా తక్కువ. అయితే సెడాన్ డిక్కీలో పిల్లల సైకిలు పట్టదు, పొడవాటి సామాను పట్టదు. వాటికోసం ఎస్టేట్, అంటే వెనుక సామాను జాగా పైకప్పు దాకా ఉండే రకం, తీసుకుంటే, దాని వెనుక చక్రాలు ఒకే ఇరుసుకు బిగించి ఉండటం వల్ల సెడాన్‌లోని ఆ మెత్తదనం కొంత పోతుంది.

జీఎస్ పూర్తిగా వేరే దారి. 1015 సీసీ అంత చిన్న ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, గాలితోనే చల్లబడే ఏర్పాటు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, స్ప్రింగులకు బదులు నూనె, వాయువు కలిసి పనిచేసే సస్పెన్షన్ అమర్చారు. తాళం తిప్పిన కొద్ది క్షణాలకు బండి నేల మీద నుంచి మెల్లగా పైకి లేవడం చూసినవాడికి దాని మీద మోజు కలగకుండా ఉండదు. కాని ఆ ఏర్పాటులో వాయువు నిండిన గోళాలు చచ్చుబడితే ప్రయాణం ఎడ్లబండిని తలపిస్తుంది. పైగా ఇంజన్ వాల్వులను లయ తప్పకుండా తెరిపించే రెండు టైమింగ్ బెల్టులనూ వేళకు మార్చే చేయి తిరిగిన మెకానిక్ దగ్గరలో ఉండాలి. మరో విచిత్రమేమిటంటే, వెనుక వాలు చూసి అంతా పైకి తెరుచుకుంటుందని అనుకుంటాం గాని తెరుచుకునేది కింది భాగం మాత్రమే; పూర్తి తలుపు 1979లో దాని మెరుగుపరచిన రూపంగా వచ్చిన జీఎస్‌ఏ దాకా రాలేదు.

ఇక రెనో 16 దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే దాని గుణం వివరాల్లోనే ఉంది. వెనుక సీటును ముందుకు జరపవచ్చు, మడవవచ్చు, పూర్తిగా తీసి ఇంట్లో పెట్టి రావచ్చు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, వీపు ఆనించే భాగాన్ని పైకెత్తి పట్టీలతో కారు పైకప్పుకు వేలాడదీయవచ్చు. అప్పుడు సామాను జాగా దాదాపు 1,200 లీటర్లకు చేరుతుంది. స్టెప్నీ బానెట్ కింద ఉండటం వల్ల, దారిలో పంక్చరైతే డిక్కీ సామానంతా రోడ్డు మీద దించుకోవలసిన అగత్యం లేదు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది; పాత అంబాసిడర్ నడిపిన మన పెద్దలకు అది కొత్తగా అనిపించదు. వెనుక సస్పెన్షన్‌కు స్ప్రింగులు కాక, బండి వెడల్పునా అడ్డంగా పరుచుకున్న రెండు ఉక్కు కడ్డీలు మెలిపడుతూ బరువు మోస్తాయి. రెండు కడ్డీలు ఒకే చోట ఇమడవు కనుక ఒకదాని వెనుక ఒకటి పెట్టారు. దాంతో ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఎడమవైపు కంటే కుడివైపు సుమారు 7 సెంటీమీటర్లు ఎక్కువ. లోపల కూర్చున్నవారికి ఇది ఎన్నడూ తెలియదు, తెలిసేది మెత్తని ప్రయాణం ఒక్కటే.

లోపాలు లేవని కాదు. గేర్ బాక్స్ ముందు, ఇంజన్ దాని వెనుక ఉండటంతో టైమింగ్ చెయిన్ లోపలి గోడవైపు చిక్కుకుపోయింది, అక్కడ చేయి దూర్చడం శిక్షే. ఇంజన్ బ్లాక్ అల్యూమినియంది కాబట్టి కూలెంట్‌కు బదులు ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసినవారి బండి కొనడం కొరివితో తల గోక్కోవడమే. తుప్పు సరేసరి, ఆ కాలపు కార్లలో దానికి లొంగనిది అరుదు.

రోజూ వాడకానికి, దూర ప్రయాణాలకు 504 మేలని ఒప్పుకోవలసిందే. యంత్రాల మీద మమకారం, ఓపిక, పక్క వీధిలో నిపుణుడు ఉన్నవారికి జీఎస్. కాని ప్రశ్న ఇంటి బండి గురించి అయితే, పిల్లలూ, పెట్టెలూ, ఒకనాడు అటక మీది బీరువా కూడా ఎక్కవలసిన బండి గురించి అయితే, నా ఓటు రెనో 16కే. అందులోనూ 1647 సీసీ ఇంజన్, ఐదు గేర్లు ఉన్న టీఎక్స్ దొరికితే వదలకూడదు. నాలుగు గేర్ల పాత బండ్లు హైవే మీద గొంతు చించుకుంటాయి. చూడబోయేటప్పుడు టార్చి, కొలిచే టేపు తీసుకువెళ్లాలి. టార్చితో తలుపుల కింది అంచులు, వెనుక నేల, కడ్డీలు బిగించిన చోట్లు చూడాలి. టేపుతో రెండు వైపులా చక్రాల మధ్య దూరం కొలవాలి. తేడా వస్తే గుద్దుకున్న బండేమోనని అనుమానపడనక్కరలేదు, రాకపోతేనే అనుమానించాలి.