ఫోన్‌లో డబ్బు పంపడానికి ఏది మేలు? యూపీఐ, వాలెట్, ఐఎంపీఎస్, నెఫ్ట్

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది శ్రీకాకుళం జిల్లా. జీతం చేతికి రాగానే వీధి చివర డబ్బు పంపే దుకాణానికి వెళ్లి, ఎనిమిది వేలు కట్టి ఇంటికి పంపేవాడు. వెయ్యికి పది రూపాయలు కమీషన్. అంటే నెలకు ఎనభై, ఏడాదికి 960. ఊళ్లో అతని భార్య ఆ డబ్బు తీసుకునే చోట ఇంకో ఇరవయ్యో ముప్పయ్యో ఇచ్చుకునేది. అతనికి బ్యాంకు ఖాతా ఉంది. జేబులో స్మార్ట్‌ఫోన్ కూడా ఉంది. "నాకు నొక్కడం రాదు సార్, ఏదో నొక్కి పోగొట్టుకుంటే ఎవరిస్తారు?" అన్నాడు. ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది.

డబ్బు పంపడం గురించి నన్ను అడిగేవాళ్లంతా "ఏ యాప్‌లో ఛార్జీలు తక్కువ?" అనే అడుగుతారు. ముందు తేల్చుకోవలసింది యాప్ కాదు, డబ్బు ఏ దారిలో వెళ్తోందన్నది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్, మీ బ్యాంకు సొంత యాప్... ఇవన్నీ గుమ్మాలు. లోపల ఉన్న దారులు నాలుగే: యూపీఐ, వాలెట్, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు పంపే ఐఎంపీఎస్, నెఫ్ట్. పెద్ద మొత్తాలకు ఆర్‌టీజీఎస్ ఇంకొకటి. ఒకే యాప్‌లో ఒక బటన్ నొక్కితే పైసా పడదు, దాని పక్క బటన్ నొక్కితే శాతం లెక్కన ఫీజు పడుతుంది. నేను గమనించినంతలో ఫీజు పడేది డబ్బు మధ్యలో ప్రయాణిస్తున్నప్పుడు కాదు. దారిలోకి ఎక్కే చోట, దారి దిగే చోట. ఈ రెండు చోట్లా కళ్లు తెరుచుకుని ఉంటే చాలా డబ్బు మిగులుతుంది.

యూపీఐ సంగతి ముందు చూద్దాం. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దీన్ని తెచ్చింది. మీ సేవింగ్స్ ఖాతా నుంచి ఎదుటివాళ్ల ఖాతాకు నేరుగా వెళ్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. పంపినవాళ్లకూ అందుకున్నవాళ్లకూ ఖర్చు లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీదా, రూపే డెబిట్ కార్డు మీదా దుకాణదారు తన బ్యాంకుకు కట్టవలసిన ఫీజు (ఎండీఆర్) కూడా తీసేశారు. అందుకే టీ కొట్టులో పది రూపాయలకు కూడా క్యూఆర్ కోడ్ చూపించగలుగుతున్నారు. 'రెండు వేలు దాటితే యూపీఐకి ఛార్జీ' అని వాట్సాప్‌లో ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని మూలం 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఒక నిబంధన. వాలెట్‌లో దాచిన డబ్బుతో యూపీఐ ద్వారా దుకాణానికి రెండు వేలకు మించి కడితే, వ్యాపారి వైపు 1.1 శాతం దాకా ఇంటర్‌చేంజ్ (వ్యాపారి బ్యాంకు వాలెట్ కంపెనీకి ఇచ్చే ఫీజు) పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి కట్టేవాళ్లకూ, మనిషికి మనిషి పంపుకునేవాళ్లకూ దానితో సంబంధం లేదు. ఆ మెసేజ్ చూసి మా బంధువుల్లో ఒకావిడ కొన్నాళ్లు అద్దెను పంతొమ్మిది వందల చొప్పున ముక్కలు చేసి పంపింది. ఆ శ్రమ అక్కర్లేదని నచ్చజెప్పడానికి రెండు ఫోన్ కాల్స్ పట్టింది.

యూపీఐకి ఉన్న ఇబ్బంది పరిమితి. మామూలుగా రోజుకు లక్ష రూపాయలు, కొన్ని బ్యాంకులు ఇంకా తక్కువే పెడతాయి. ఆసుపత్రి బిల్లుకూ కాలేజీ ఫీజుకూ 5 లక్షల దాకా వెసులుబాటు ఉంది. చిన్న చిన్న చెల్లింపులు ఎక్కువగా చేసేవాళ్లకు యూపీఐ లైట్ మంచిది. అందులో 5 వేలు దాకా పెట్టుకుని, ఒకసారికి వెయ్యి దాటకుండా, పిన్ లేకుండా కట్టొచ్చు. పాస్‌బుక్ పది, ఇరవై రూపాయల ఎంట్రీలతో నిండిపోదు. అయితే పిన్ అడగదు కాబట్టి, ఫోన్ ఎప్పుడూ పిల్లల చేతిలో ఉండే ఇంట్లో నేనైతే అందులో ఐదు వందలకు మించి ఉంచను.

బటన్ ఫోన్ వాడేవాళ్లకు యూపీఐ 123పే ఉంది, ఇంటర్నెట్ లేకున్నా *99# డయల్ చేసే పద్ధతీ ఉంది. పెద్దవాళ్లకు ఇవి నేర్పడానికి ఓ సాయంత్రం పడుతుంది, అంతే.

ఇక వాలెట్. నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది దీని గురించే. వాలెట్ అంటే ముందుగా డబ్బు నింపుకుని వాడుకునే సంచి. యూపీఐతోనో డెబిట్ కార్డుతోనో నింపితే చాలాచోట్ల ఖర్చుండదు. క్రెడిట్ కార్డుతో నింపితే చాలా కంపెనీలు శాతం లెక్కన తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. అది ఎక్కే చోట పడే ఫీజు. వాలెట్‌లోంచి బ్యాంకు ఖాతాకు వెనక్కి పంపుకుంటే మళ్లీ శాతం. ఇది దిగే చోట పడే ఫీజు. చాలామంది క్యాష్‌బ్యాక్ చూసి ఎక్కుతారు, దిగేటప్పుడు ఆ క్యాష్‌బ్యాక్ అంతా అక్కడే వదిలేసి వస్తారు.

పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) చేయని వాలెట్‌లో 10 వేలకు మించి ఉంచడం కుదరదు. ఆ డబ్బుతో వస్తువులు, సేవలు కొనుక్కోవచ్చు తప్ప ఇంకొకరికి పంపలేం, నగదుగా తీయలేం. పూర్తి కేవైసీ చేస్తే పరిమితి 2 లక్షలు. ఎంత ఉంచినా వడ్డీ రాదు. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద ఆంక్షలు ప్రకటించినప్పుడు, మార్చి 15 తర్వాత ఆ వాలెట్లలో కొత్తగా డబ్బు వేయడం ఆగిపోయింది. ఉన్న డబ్బు వాడుకోనిచ్చారు, ఎవరికీ పోలేదు. కానీ ఆ ఆరు వారాలూ జనం పడ్డ టెన్షన్ నేను దగ్గరగా చూశాను. ఆ నెల ఖర్చులకు సరిపడా తప్ప వాలెట్‌లో ఉంచొద్దని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

అలాగని వాలెట్ పనికిరానిదని కాదు. అసలు ఖాతా వివరాలు బయటపెట్టడం ఇష్టం లేనివాళ్లకు, కాలేజీకి వెళ్లే పిల్లలకు నెలకింత అని వేసి ఇవ్వాలనుకునేవాళ్లకు బాగుంటుంది. పోయినా అందులో ఉన్నంతే పోతుంది.

ఐఎంపీఎస్, నెఫ్ట్ రెండూ బ్యాంకు యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి, ఫీజు తేడా మాత్రం చాలామందికి తెలియదు. ఐఎంపీఎస్ క్షణాల్లో చేరుతుంది, ఒకసారికి 5 లక్షల దాకా. ఫీజు బ్యాంకు ఇష్టం: కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల మొత్తాన్ని బట్టి ఐదు, పది, పదిహేను, పైన జీఎస్టీ. నెఫ్ట్ అరగంటకొక విడతగా, రోజుకు 48 విడతల్లో వెళ్తుంది. 2019 డిసెంబరు 16 నుంచి ఆదివారాలు, పండగలు, అర్ధరాత్రి అన్న తేడా లేకుండా నడుస్తోంది. సేవింగ్స్ ఖాతాదారు ఆన్‌లైన్‌లో నెఫ్ట్ చేస్తే 2020 జనవరి నుంచి ఫీజు తీసుకోకూడదు. అదే నెఫ్ట్‌కు బ్యాంకు శాఖకు వెళ్లి ఫారం నింపి ఇస్తే 10 వేల వరకు రెండున్నర, లక్ష వరకు 5, రెండు లక్షల వరకు 15, అది దాటితే 25 రూపాయల దాకా తీసుకోవచ్చు, జీఎస్టీ అదనం. దారి అదే, గుమ్మం మారినందుకు ఫీజు.

అరగంట ఆగగలిగే పనికి ఐఎంపీఎస్ నొక్కడం అనవసరపు ఖర్చు. లక్ష దాటిన మొత్తం కొత్త ఖాతాకు పంపాల్సి వస్తే నేను నెఫ్టే ఎంచుకుంటాను. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది, అదీ ఉచితంగా. ఒక్క అంకె తప్పు కొడితే ఎవరి ఖాతాకో పోయే ముప్పు దానితో చాలావరకు తగ్గింది. ఆర్‌టీజీఎస్ 2 లక్షల నుంచి మొదలవుతుంది, ఇల్లో స్థలమో కొనే రోజున తప్ప మనలాంటివాళ్లకు దానితో పెద్దగా పని పడదు.

డబ్బు చేతికి నోట్లుగా కావాలంటే అది కూడా దిగే చోటే. యూపీఐలో ఉచితంగా వచ్చిన డబ్బును ఏటీఎంలో తీయడానికి సొంత బ్యాంకులో నెలకు ఐదుసార్లు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎం అయితే హైదరాబాద్ లాంటి మెట్రోల్లో మూడుసార్లు, మిగతా చోట్ల ఐదు. దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన జీఎస్టీ. ఐదు వందల చొప్పున పదిసార్లు తీసేవాళ్లు ఒకసారి ఈ లెక్క వేసుకోండి.

డబ్బు ఇరుక్కుంటే ఏమవుతుందన్నది ఫీజు కంటే పెద్ద విషయం నాకు. మా తమ్ముడి కాలేజీ హాస్టల్‌కు 12 వేలు పంపినప్పుడు నా ఖాతాలో కట్ అయింది, అవతల చేరలేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే 'వారం ఆగండి' అన్నారు. వారం ఆగనక్కర్లేదు. యూపీఐ, ఐఎంపీఎస్‌లలో మనిషికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటి లోగా తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల గడువు. ఇది రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం. యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కి ఫిర్యాదు పెట్టాను, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాసుకున్నాను, మళ్లీ ఫోన్ చేసి ఈ నియమం చెప్పాను. మర్నాడు మధ్యాహ్నానికి డబ్బు వెనక్కి వచ్చింది. అలా రాకుండా 30 రోజులు గడిచినా, బ్యాంకు జవాబు సరిగా లేకున్నా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, దానికీ ఫీజు లేదు. మోసపోయి పంపేసిన డబ్బు సంగతి వేరు. దానికి ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ప్రతి నిమిషం విలువైనదే.

యూపీఐ దారి అందరిదీ ఒకటే అయినప్పుడు ఏ యాప్ పెట్టుకోవాలి? పంపడంలో ఖర్చు తేడా లేదు. తేడా అంతా పక్కన అమ్మే వాటిలో ఉంది. మొబైల్ రీఛార్జ్ చేస్తే చాలా యాప్‌లు 'ప్లాట్‌ఫామ్ ఫీజు', 'కన్వీనియన్స్ ఫీజు' పేరుతో రెండు మూడు రూపాయలు కలుపుతాయి. అదే రీఛార్జ్ టెలికాం కంపెనీ సొంత యాప్‌లో చేస్తే సాధారణంగా అది ఉండదు. కరెంటు బిల్లు క్రెడిట్ కార్డుతో కడితే శాతం, బ్యాంకు ఖాతా నుంచి కడితే లేదు. కాబట్టి ఆఖరి స్క్రీన్ మీద మొత్తం అంకె చదివాకే పిన్ కొట్టండి. నా వరకు రోజువారీకి ఒక యాప్, వేరే బ్యాంకు ఖాతాతో కలిపి భీమ్ ఇంకొకటి పెట్టుకున్నాను. ఒక బ్యాంకు సర్వర్ డౌన్ అయిన రోజున పెట్రోల్ బంకులో రెండోది ఆదుకుంది.

వాచ్‌మన్ సంగతికి వస్తే, ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని అతని ఫోన్‌లో యూపీఐ పెట్టాం. ముందు భార్య నంబరుకు ఒక్క రూపాయి పంపించాను. ఆవిడ ఊరి నుంచి ఫోన్ చేసి "రూపాయి వచ్చిందేటి?" అని అడిగింది. అతను నవ్వి, ఈసారి తనే నంబరు ఎంచుకుని, పేరు పైకి చదివి, ఎనిమిది వేలు కొట్టాడు. పిన్ కొట్టేటప్పుడు నేను పక్కకు తిరిగి కూర్చున్నాను.